పాత బండికి 84,760 రూపాయల చీటీ: ఒంగోలులో నా దగ్గరకొచ్చిన ఒక కేసు

నేను ఒంగోలులో జీఎస్టీ రిటర్నులు వేసే పనిలో ఉన్నాను. కిరాణా కొట్లు, హార్డ్‌వేర్ షాపులు, చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు, నా క్లయింట్లంతా వీళ్లే. బండి కొనుక్కునేవాళ్లు నా దగ్గరికి రావడం దాదాపు ఉండదు. 2025 జూలై మొదటి వారంలో, జూన్ క్వార్టర్ రిటర్నుల పనిలో తల ఎత్తే తీరిక లేకుండా ఉన్నప్పుడు, నా క్లయింటు యూనిట్‌లో సూపర్‌వైజరుగా చేసే కుర్రాడొకడు సాయంత్రం ఆరింటికి వచ్చి, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం తీసి టేబుల్ మీద పెట్టాడు. "అన్నా, బండి 62 వేలన్నాడు, చీటీ చూస్తే 84 వేలైంది. ఇదేందో ఒకసారి చూడన్నా" అన్నాడు.

అతను రోజూ ఒంగోలు నుంచి చీమకుర్తి పోయి రావాలి. రానూ పోనూ నలభై కిలోమీటర్లు, దారి పొడుగునా రాళ్ల లారీలు, రాత్రి షిఫ్టు అయితే తిరిగి రావడానికి ఆటో కూడా దొరకదు. వాళ్ల మామ టంగుటూరు వేలంలో పొగాకు అమ్మిన డబ్బుల్లోంచి 70 వేలు చేతిలో పెట్టి, లోను జోలికి పోవద్దు, ఉన్నంతలో మంచి బండి చూసుకో అన్నాడట. చీటీకీ చేతిలో ఉన్నదానికీ తేడా 14,760. పైగా 5 వేలు టోకెన్ అడ్వాన్స్ అప్పటికే ఇచ్చేశాడు, అసలు టెన్షన్ దాని గురించే.

చీటీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. షాపు పేరు అనవసరం.

బండి: 62,000
జీఎస్టీ 18%: 11,160
ఆర్సీ ట్రాన్స్‌ఫర్: 4,500
టాక్స్ మార్పు: 3,000
ఇన్సూరెన్స్: 2,600
డాక్యుమెంట్లు: 1,500
మొత్తం: 84,760

కింద సంతకం లేదు, జీఎస్టీ నంబరు లేదు, బండి నంబరు మాత్రం ఉంది. 125 సీసీ హోండా షైన్, 2020 నవంబరులో రిజిస్టరైంది, ఏపీ 39 సిరీస్, మొదటి ఓనర్ కందుకూరు మనిషి. బండి బాగుందా లేదా అన్నది నా పని కాదు. మెకానిక్‌కు చూపించాడట, ఇంజన్ సౌండ్ బాగుందన్నాడట. నేను చూడాల్సింది మిగతా ఐదు లైన్లు. ప్రతి లైను దగ్గరా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ డబ్బు చివరికి ఎవరి జేబులోకి పోతుంది, పోయినట్టు రసీదు వస్తుందా?

జీఎస్టీ లైను

ముందు పెద్ద లైను పట్టుకుందాం. 62 వేల మీద 18 శాతం, 11,160. ఇది తప్పు. ఒక వెయ్యి అటూ ఇటూ అయిన తప్పు కాదు, లెక్క మొదలుపెట్టిన చోటే తప్పు.

పాత బండ్ల మీద జీఎస్టీ ఎలా వేయాలో 2018 జనవరి 25న వచ్చిన 8/2018 నోటిఫికేషన్‌లో ఉంది. పాత బండి అమ్మేటప్పుడు పన్ను వేయాల్సిన విలువ అంటే అమ్మిన ధర కాదు, మార్జిన్. అంటే డీలర్ ఎంతకు కొన్నాడు, ఎంతకు అమ్మాడు, ఆ రెండింటికీ మధ్య తేడా. ఆ తేడా మైనస్‌లో ఉంటే, అంటే నష్టానికి అమ్మితే, పన్నే లేదు. దీనికి షరతు ఒకటుంది, ఆ బండి కొన్నప్పుడు డీలర్ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకుని ఉండకూడదు. మామూలు మనిషి దగ్గర కొన్న బండికి జీఎస్టీ బిల్లే ఉండదు, కాబట్టి క్రెడిట్ మాటే రాదు. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) రూల్స్‌లో 32(5) కూడా సెకండ్ హ్యాండ్ సరుకు వ్యాపారం చేసేవాళ్లకు ఇదే తేడా పద్ధతి చెబుతుంది.

దీని వెనక న్యాయం కూడా చెప్పాలి. ఆ షైన్ 2020లో షోరూమ్ నుంచి బయటికి వచ్చినప్పుడే మొదటి ఓనర్ 28 శాతం జీఎస్టీ కట్టేశాడు. అదే బండి చేతులు మారిన ప్రతిసారీ మొత్తం ధర మీద మళ్లీ మళ్లీ పన్ను వేస్తే నాలుగో ఓనరుకు వచ్చేసరికి బండి కన్నా పన్నే ఎక్కువైపోతుంది. డీలర్ ఆ బండికి కొత్తగా కలిపిన విలువ అతని లాభం ఒక్కటే, అందుకే పన్ను దాని మీదే.

మరి ఈ 18 ఎక్కడిది? 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో జరిగిన 55వ జీఎస్టీ కౌన్సిల్ మీటింగ్‌లో పాత బండ్ల రేటు మార్చాలని నిర్ణయించారు. అంతకుముందు మన షైన్ లాంటి బండ్లకు మార్జిన్ మీద 12 శాతం ఉండేది, పెద్ద కార్లకు 18 ఉండేది. అన్నిటికీ 18 చేశారు, ఎలక్ట్రిక్ బండ్లతో సహా. 2025 జనవరిలో నోటిఫికేషన్ వచ్చింది. కౌన్సిల్ మీటింగ్ అయిన వారం రోజులు జనంలో ఎంత గందరగోళం నడిచిందో గుర్తుండే ఉంటుంది. 12 లక్షలకు కొన్న కారు 9 లక్షలకు అమ్ముకుంటే ఆ 3 లక్షల మీద 18 శాతం కట్టాలంట అని వాట్సాప్‌లో తిరిగింది. నష్టాన్ని మార్జిన్ అనుకున్నారు. పైగా మన ఇంట్లో బండి మనం అమ్ముకుంటే, మనకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనప్పుడు, జీఎస్టీ ఊసే ఉండదు. ఇది రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి మాత్రమే. చాలామంది చెవిలో మాత్రం "పాత బండి, 18 శాతం" అనే రెండు ముక్కలే మిగిలిపోయాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి, నాకైతే ఈ కేసులో ఇదే ముఖ్యం. ఆ రోజుల్లో బైకుల మామూలు రేటు 28 శాతం. 18 అనే అంకె పాత బండ్ల నోటిఫికేషన్‌లోంచి మాత్రమే వస్తుంది, ఆ నోటిఫికేషన్‌లో విలువ అంటే మార్జినే. రేటు అక్కడి నుంచి తీసుకుని, విలువ దగ్గరికి వచ్చేసరికి మొత్తం ధర పట్టుకుంటే, అలాంటి పన్ను చట్టంలో ఏ మూలా లేదు. మొత్తం ధర మీద 18 శాతం అని ఎవరైనా రాసిస్తే, "అన్నా, ఇది ఏ నోటిఫికేషన్?" అని ధైర్యంగా అడగొచ్చు.

కుర్రాడు వెంటనే అడిగాడు, "అయితే అతను ఎంతకు కొన్నాడో మనకెట్టా తెలుస్తది అన్నా?" సరైన ప్రశ్న. తెలియకపోవచ్చు. తన లాభం ఎంతో కొనేవాడికి చెప్పమని డీలర్‌ను ఎవరూ బలవంతం చేయలేరు. అందుకే నేను చెప్పేది, పాత బండి బేరం ఎప్పుడూ పన్ను కలిపిన ధర మీదే ఆడాలి. "అంతా కలిపి ఎంత?" అని అడగాలి. పన్ను అతని లాభంలోంచి పుట్టింది, అతనే చూసుకోవాలి. బండి ధర వేరు, పన్ను వేరు అని చీటీలో విడదీశాడంటే, ఆ పన్ను ఎలా లెక్కేశావని అడిగే హక్కు మనకు వచ్చేసినట్టే.

మిగతా లైన్లు

"టాక్స్ మార్పు 3,000" అన్న లైను చూసి నేను రెండు నిమిషాలు ఆలోచించాను, నాకు తెలియని ఫీజు ఏదైనా వచ్చిందేమోనని. రాలేదు. మన రాష్ట్రంలో బైకుకు లైఫ్ టాక్స్ కొత్తగా రిజిస్టర్ చేసేటప్పుడే ఒకేసారి కడతారు. ఆ టాక్స్ బండికి సంబంధించింది, ఓనరుకు కాదు. ఏపీ బండి ఏపీలోనే కందుకూరు మనిషి నుంచి ఒంగోలు మనిషికి మారితే లైఫ్ టాక్స్ మళ్లీ కట్టేది లేదు, "మార్చేది" అంతకన్నా లేదు. ఆ లైను మీద గీత కొట్టేశాను.

"ఆర్సీ ట్రాన్స్‌ఫర్ 4,500". ఇది నిజంగా ఉన్న పనే, అంకె మాత్రం పెంచి రాసింది. కేంద్ర మోటారు వాహనాల రూల్స్ ప్రకారం బైకు రిజిస్ట్రేషన్ ఫీజు 300, ఓనర్ పేరు మార్పుకు అందులో సగం, 150. దానికి తోడు రాష్ట్రం సర్వీస్ చార్జీలు ఉంటాయి, అవి ఆన్‌లైన్‌లో ఫీజు కట్టేటప్పుడు స్క్రీన్ మీద విడివిడిగా కనిపిస్తాయి. ఈ కుర్రాడి విషయంలో అన్నీ కలిపినా రసీదు వెయ్యి దాటలేదు. లోను మీద కొంటే ఆర్సీలో ఫైనాన్స్ ఎక్కించడానికి బైకుకు ఇంకో 500 ఉంటుంది, ఇతనికి ఆ అవసరం లేదు.

అయితే డబ్బు కన్నా ఇక్కడ కాగితాలు ముఖ్యం. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లో బండి అమ్మినట్టు ఫారం 29 ఇవ్వాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పుకు ఫారం 30 పెట్టాలి. మన దగ్గర పాత బండ్ల షాపుల్లో జరిగేదేమిటంటే, మొదటి ఓనర్ దగ్గర ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించి, తేదీ లేకుండా బీరువాలో పెడతారు. బండి ఆరు నెలలు షాపు ముందు నిలబడుతుంది, ట్రయల్ అని పదిమంది తొక్కుతారు, కాగితం మీద ఓనర్ మాత్రం కందుకూరాయనే. ఈలోపు ఏదైనా యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం కేసులో ఎవరి పేరు ఆర్సీలో ఉంటే వాళ్లే ఓనర్ కింద బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కొనేవాడికి కూడా ఇదే గొడవ ఇంకో వైపు నుంచి వస్తుంది. సంతకం పెట్టిన మనిషి ఊళ్లో లేకపోయినా, ఫోన్ నంబరు మారి ఓటీపీ రాకపోయినా, ట్రాన్స్‌ఫర్ ఆగిపోయి మీ చేతిలో బండి, ఇంకొకరి పేరున ఆర్సీ.

దీన్ని సరిచేయడానికే కేంద్రం 2022 డిసెంబరులో రూల్స్ మార్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత బండ్ల డీలర్ రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి. ఓనర్ బండి అప్పజెప్పిన రోజే ఫారం 29సీ ద్వారా ఇద్దరూ కలిసి తెలియజేస్తే అప్పటి నుంచి ఆ బండికి ఓనర్ కింద డీలరే లెక్క. ఆథరైజేషన్ ఉన్న షాపులో కొంటే మొదటి ఓనర్ చుట్టూ తిరగాల్సిన పని చాలా తగ్గుతుంది. మా కేసులో షాపుకు అది లేదు. అందుకని కుర్రాడితో ఒకటే చెప్పాను: మిగతా డబ్బు ఇచ్చేముందు కందుకూరాయనతో నువ్వే ఫోన్‌లో మాట్లాడు, ఆయన ఫారం 29 మీద ఈ నెల తేదీ వేసి సంతకం చేయాలి, ఓటీపీ వచ్చే ఫోన్ ఆయన దగ్గరే ఉందో లేదో అడుగు.

బండి నంబరు పెట్టి వివరాలు చూస్తే ఇంకో రెండు బయటపడ్డాయి. ఒకటి, ఆర్సీలో ఫైనాన్స్ ఇంకా అలాగే ఉంది. కందుకూరాయన లోను ఎప్పుడో తీర్చేశాడు కానీ పేరు కొట్టించుకోలేదు. ఇది తీయకుండా పేరు మారదు. ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 కావాలి. రెండోది, హెల్మెట్ లేదని పడ్డ చలాన్లు రెండు. అవి మీరు కట్టండి అని షాపతను అంటే కట్టొద్దు, బండి అప్పజెప్పే రోజుకు చలాన్లు సున్నా ఉండాలన్నది బేరంలో మాట.

"ఇన్సూరెన్స్ 2,600". 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకులకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) అయిదేళ్లకు ఒకేసారి తీసుకోవాల్సిందే. ఈ బండి 2020 నవంబరుది, కాబట్టి ఆ పాలసీ ఇంకా నాలుగు నెలలు బతికే ఉంది. పాలసీ కాగితం అడిగి తెప్పించాం, ఉంది. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారితే ఆ పాలసీ కూడా కొన్నవాడికి మారినట్టే లెక్క, 14 రోజుల్లో కంపెనీకి చెప్పి పేరు మార్పించుకోవాలి. దానికి చిన్న ఫీజు. అయితే ఓనరుకు ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ పాతాయనది, మనది కాదు, అది వేరుగా తీసుకోవాలి. నవంబరులో కొత్తగా కట్టాల్సి వచ్చినా ఈ సైజు బండికి, 75 సీసీ దాటి 150 లోపు, ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714, 18 శాతం జీఎస్టీ కలిపితే 843. మరి 2,600 దేనికి? సొంత డ్యామేజీకి కూడా పాలసీ ఇస్తారా అంటే షాపు కుర్రాడు తల గోక్కున్నాడట.

"డాక్యుమెంట్లు 1,500" గురించి ఎక్కువ చెప్పను. ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి పని చేయించి పెడితే దానికి సర్వీస్ చార్జీ అడగడం న్యాయమే, అడిగేది ఒకసారి అడగాలి. ట్రాన్స్‌ఫర్‌లో ఒకసారి, డాక్యుమెంట్లలో ఒకసారి కాదు. ఇంకో చిన్న లెక్క: మీ తరఫున గవర్నమెంటుకు కట్టిన ఫీజు రసీదు ఉన్నంత మేరకే వసూలు చేస్తే దాని మీద జీఎస్టీ రాదు, జీఎస్టీ రూల్ 33లో ఉంది. అంతకు మించి తీసుకున్నదేదైనా అతని సర్వీస్ ఆదాయం, దాని మీద 18 శాతం పూర్తిగా అతను కట్టాలి. అంటే 4,500 తీసుకుని వెయ్యి కట్టిన షాపు మిగతా 3,500కు లెక్క చెప్పాలి.

మద్రాసు బండి

మధ్యలో కుర్రాడి మనసు ఇంకో బండి మీదికి పోయింది. అదే షాపులో తమిళనాడు నంబరుతో ఇంచుమించు అలాంటిదే షైన్ ఉంది, 48 వేలు. నెల్లూరు, సూళ్లూరుపేట మీదుగా చెన్నై బండ్లు మన వైపు ఎప్పటి నుంచో వస్తూనే ఉన్నాయి, చూడ్డానికి ధర తక్కువ. "14 వేలు మిగులుతయ్ గదన్నా" అన్నాడు.

మిగలవు. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. దానికి ముందు అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, ఫారం 28 మీద రావాలి. తర్వాత ఇక్కడ ఏపీ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. బండి వయసు పెరిగే కొద్దీ శాతం తగ్గుతుంది కానీ లెక్క మాత్రం కొత్తప్పటి ధర మీద వేస్తారు, మనం కొన్న 48 వేల మీద కాదు. వేలల్లోనే పడుతుంది. మళ్లీ రిజిస్ట్రేషన్ ఫీజు, అక్కడి చలాన్లు, అక్కడి ఓనర్ సంతకం. తమిళనాడులో కట్టిన టాక్స్ కొంత వెనక్కి రావచ్చు అంటారు, కానీ అది అక్కడి కాగితాలతో, అక్కడి ఆఫీసులో తిరిగి తెచ్చుకోవాల్సిన డబ్బు, చీమకుర్తిలో షిఫ్టు చేసే మనిషికి కుదిరేది కాదు. ఎన్‌ఓసీ తెచ్చి, ఏపీ నంబరు వేయించి, టాక్స్ రసీదుతో సహా ఇస్తానంటే అప్పుడు ధర చూడు, లేకపోతే ఆ బండి వైపు పోకు అన్నాను. షాపతను ఇవ్వనన్నాడట. సరిపోయింది.

షాపులో

శనివారం నేనే వెంట వెళ్లాను. కర్నూలు రోడ్డు వైపు, రేకుల షెడ్డు, ముందు ఇరవై పైన బండ్లు, సీట్ల మీద తడిగుడ్డతో ఒక పిల్లాడు దుమ్ము తుడుస్తున్నాడు. ఓనర్ యాభై దాటిన మనిషి, చేతికి గ్రీజు మరకలు, మెకానిక్‌గా మొదలుపెట్టి షాపు పెట్టుకున్నవాడని చూస్తేనే తెలుస్తుంది. నేను గొడవకు సిద్ధపడి వెళ్లాను, ఆ అవసరం రాలేదు.

"సార్, నాకు మొన్న ఏప్రిల్‌లోనే జీఎస్టీ వచ్చింది. అంతకుముందు మాకు టర్నోవర్ లేదు. పేపర్లో 18 శాతం అని పడ్డది గదా, అదే వేస్తున్నా" అన్నాడు. నంబరు అడిగితే గోడ మీద ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్ చూపించాడు. 37తో మొదలైంది, 37 అంటే ఆంధ్రప్రదేశ్ కోడ్. అక్కడే ఫోన్‌లో జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూశాను, యాక్టివ్‌గా ఉంది. ఇది మీరూ చూడొచ్చు, లాగిన్ అక్కర్లేదు. రద్దయిన నంబరో, అసలు నంబరే లేని షాపో అయితే జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు, జీఎస్టీ చట్టం 32వ సెక్షన్. సరుకు అమ్మేవాళ్లకు మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 40 లక్షల టర్నోవర్. దానిలోపు ఉన్న చిన్న షాపులు చాలా ఉన్నాయి, వాళ్ల చీటీలో జీఎస్టీ లైను ఉండనే కూడదు.

ఆయన పక్కన కూర్చుని అదే చీటీ వెనక లెక్క వేసి చూపించాను. కందుకూరాయనకు ఫోన్‌పేలో పంపిన 52 వేల స్క్రీన్ ఆయన దగ్గరే ఉంది, దాచలేదు. 52కు కొని 62కు అమ్మితే తేడా 10 వేలు. దాని మీద 18 శాతం 1,800. 11,160 కాదు. ఆయన కాగితం తిప్పి మళ్లీ చూశాడు. "టైర్లు మార్చాను సార్, చైన్ స్ప్రాకెట్ వేశాను, 3 వేలు దాకా అయింది, అది తీయరా?" అన్నాడు. రూల్‌లో కొన్న ధర అనే ఉంది, రిపేరు ఖర్చు కొన్న ధరలో కలపడానికి కుదరదని చెప్పాను. ఆ ఖర్చు ఆయన అమ్మే ధరలో చూసుకోవాలి.

బేరం మళ్లీ మొదటి నుంచి జరిగింది. చివరికి 63 వేలు, జీఎస్టీ అంతా అందులోనే. అంటే తేడా 11 వేలు, పన్ను దాని లోపలే ఉంది. 11,000 ఇంటూ 18 బై 118, 1,678. కేంద్రానికి సీజీఎస్టీ 839, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ 839. టాక్స్ మార్పు లైను పోయింది. చలాన్లు, ఫైనాన్స్ పేరు తీయించడం షాపుదే బాధ్యత అని బిల్లు మీదే రాయించాను. ఆర్టీఓ ఫీజు కుర్రాడే ఆన్‌లైన్‌లో కట్టుకున్నాడు, కాగితాల పని చేసిన మనిషికి కొంత ఇచ్చాడు, ఇన్సూరెన్స్ పేరు మార్పు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ చూసుకున్నా మొత్తం 65 వేలు దాటలేదు. మామ ఇచ్చిన 70 వేలలో హెల్మెట్ కూడా వచ్చింది. డబ్బు షాపు కరెంట్ అకౌంటుకే పంపించాను, ఓనర్ కొడుకు నంబరుకు పంపమంటే ఒప్పుకోలేదు.

అన్ని షాపులూ ఇలా కొని అమ్మేవి కావు. కొందరు బండి తమ పేరున కొనరు, అమ్మేవాణ్నీ కొనేవాణ్నీ కలిపి కమీషన్ తీసుకుంటారు. అప్పుడు జీఎస్టీ ఆ కమీషన్ మీదే. ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసి అమ్మే రికవరీ బండ్లకు లెక్క ఇంకోలా ఉంటుంది, బాకీ పడ్డ మనిషి కొన్న ధరలోంచి ప్రతి మూడు నెలలకూ 5 శాతం చొప్పున తగ్గించి, దాన్ని కొన్న ధరగా తీసుకుంటారు. షాపు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోనంత వరకు, ఏ రకంగా చూసినా మొత్తం ధర మీద పన్ను మాత్రం రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు కొత్త బైకులకు జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. ఇప్పుడు కొత్తదానికీ పాతదానికీ రేటు ఒకే అంకె కావడంతో ఈ పొరపాటు ఇంకా ఎక్కువ జరిగే వీలుంది. కొత్త బండికి 18 మొత్తం ధర మీద, పాత బండికి 18 తేడా మీద.

ఆ నలుగురు

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. బిల్లు బుక్కు చూస్తానంటే ఆయన ఇచ్చాడు. ఏప్రిల్ నుంచి జూన్ చివరి దాకా జీఎస్టీ వేసి అమ్మిన బండ్లు నాలుగు, నాలుగింటికీ మొత్తం ధర మీదే 18 శాతం తీసుకున్నాడు. మద్దిపాడు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ కూతురి కోసం స్కూటీ కొన్నది. 47 వేలకు కొన్న బండి 55 వేలకు అమ్మి, 9,900 జీఎస్టీ రాశాడు. రావాల్సింది 8 వేల మీద 1,440. ఆవిడ దగ్గర 8,460 ఎక్కువ తీసుకున్నాడు.

ఆయన ముఖం చూస్తే కావాలని చేసింది కాదని నాకు నమ్మకం కుదిరింది. కానీ నమ్మకంతో పన్ను లెక్క తేలదు. పన్ను అని చెప్పి వసూలు చేసిన డబ్బు ఏదైనా గవర్నమెంటుకు కట్టి తీరాలి, 76వ సెక్షన్, అది తప్పుగా వసూలు చేసినా సరే. సొంతానికి ఉంచుకునే దారి లేదు. రెండో దారి, 34వ సెక్షన్ కింద క్రెడిట్ నోట్ (బిల్లులో ఎక్కువ పడ్డది తగ్గించే కాగితం) ఇచ్చి, ఎక్కువ తీసుకున్నది కొన్నవాళ్లకు తిరిగిచ్చి, రిటర్నులో తగ్గించుకోవడం. జూన్ క్వార్టర్ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 గడువు జూలై 13, పన్ను కట్టే రిటర్ను 3బి గడువు 22. చేతిలో వారం రోజులుంది.

"ఇచ్చేద్దాం సార్. మా పేరు పోద్ది లేకపోతే" అన్నాడు ఆయన. ముగ్గురికి ఆ రోజే ఫోన్ చేశాడు. టీచరమ్మ మొదట నమ్మలేదట, ఏదో ఓటీపీ మోసం అనుకుని కాల్ కట్ చేసిందట. మర్నాడు ఆవిడ భర్త షాపుకొచ్చి క్రెడిట్ నోట్ మీద సంతకం పెట్టి, 8,460 అకౌంట్‌లో పడ్డాక బండికి ఇంజన్ ఆయిల్ కూడా అక్కడే మార్పించుకుని పోయాడు. మిగతా ఇద్దరికీ వారం లోపే పంపించేశాం. కొత్త బిల్లు బుక్కు నేనే డ్రాఫ్ట్ చేసి ఇచ్చాను. అందులో బండి ధర ఒకటే లైను, "జీఎస్టీ కలిపి" అని. ఆర్టీఓ ఫీజు దగ్గర "రసీదు ప్రకారం" అని, దాని పక్కన రసీదు నంబరు రాయడానికి గడి. ఆథరైజేషన్ కోసం రవాణా శాఖకు అప్లికేషన్ కూడా పెట్టుకోమన్నాను, పెట్టుకుంటానన్నాడు.

నాలుగో మనిషి దొరకలేదు. మే నెలలో పొదిలి వైపు నుంచి వచ్చి పాత ప్యాషన్ ప్రో కొనుక్కుని పోయాడు, ఇచ్చిన నంబరు స్విచ్ఛాఫ్. ఆయన బిల్లుకు క్రెడిట్ నోట్ వేయలేదు, వసూలు చేసిన పన్ను మొత్తం 22వ తేదీన గవర్నమెంటుకు కట్టించాను. ఆ బిల్లు మీద క్రెడిట్ నోట్ ఇవ్వడానికి 2026 నవంబరు 30 దాకా గడువుంది. మీ వైపు ఎవరైనా 2025 మేలో ఒంగోలులో పాత బండి కొని, బిల్లులో జీఎస్టీ మొత్తం ధర మీద పడి ఉంటే, ఆ బిల్లు పట్టుకుని షాపుకు ఒకసారి వెళ్లమనండి. ఆయన మీకోసమే చూస్తున్నాడు.